ఇంటి గొంతులు, కాగితం మీది లెక్కలు

సాలిగ్రామం, చెన్నై

చిరంజీవులైన మేనకోడళ్ళిద్దరికీ, మేనల్లుడికీ మీ అత్తయ్య ఆశీస్సులు.

ఉగాది నాటి సాయంత్రం టీ నగర్‌లో మీ ముగ్గురి పాట విని ఇంటికి వచ్చాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. మీరు ఒక పాప్ బృందంగా ఏర్పడి సొంత పాటలు విడుదల చేయాలనుకుంటున్నారని, పెద్దమ్మాయి ఉద్యోగం మానేసే ఆలోచనలో కూడా ఉన్నదని మీ నాన్న ఫోనులో చెప్పాడు. "నువ్వే ఏదైనా చెప్పక్కా, నేను చెబితే పెద్దవాడి చాదస్తం అంటారు" అన్నాడు. మేము ముగ్గురం తోబుట్టువులం కలిసి పాడి, చివరికి మాటలు లేకుండా విడిపోయిన సంగతి మీకు సగమే తెలుసు. మిగిలిన సగం మీకు ఇప్పుడు పనికివస్తుంది కాబట్టి, కాస్త పొడుగైనా ఉత్తరంగానే రాస్తున్నాను.

మొదట గొంతుల సంగతి. కోడంబాకం స్టూడియోల్లో నేను ఇరవై ఎనిమిదేళ్ళు కోరస్ పాడాను. ఉదయం ఏడింటి కాల్‌షీటుకు చేరుకుని ఒకే మైకు ముందు ఆరుగురమో ఎనిమిది మందిమో నిలబడితే, మా గొంతులన్నీ ఒక్క గొంతులా వినిపించడానికే మొదటి గంట గడిచిపోయేది. ఒకరి గొంతు కంచులా మోగేది, ఒకరిది ముక్కులోంచి వచ్చేది, ఒకావిడ ప్రతి పంక్తి చివరా చిన్న గమకం వేయకుండా ఉండలేకపోయేది. మీకు ఆ గంటతో పని లేదు. ఒకే ఇంట పుట్టినవారికి అంగిలి, దవడ, ముక్కు తీరులో పోలిక ఉంటుంది. అంతకంటే ముఖ్యంగా, ముగ్గురూ ఒకే తల్లి నోట మాటలు నేర్చుకున్నవారు కాబట్టి "ఆ" అనడానికి నోరు ఎంత తెరవాలో ముగ్గురికీ ఒకటే కొలత. అమెరికాలోని మినియాపొలిస్ నుంచి వచ్చిన ఆండ్రూస్ సిస్టర్స్‌కు 1937లో పెద్ద పేరు రావడానికి మూలధనం ఇదే. ఆ ముగ్గురిలో అసలు వరుస చిన్నదైన పాటీ పాడేది, మాక్సీన్ దానికి పైన, అందరికంటే పెద్దదైన లావెర్న్ దానికి కింద పాడేవారు. అసలు వరుస నడుమన ఉండి, కలుపు స్వరాలు అటూ ఇటూ కాపలా కాస్తున్నట్టు ఉండడం వల్ల వినేవాడి చెవి పాటను ఎక్కడా జారవిడవదు. మీరు ఉగాదికి పాడిన రెండో పాటలో ముగ్గురూ పైస్థాయి కోసమే ఎగబడ్డారు, కింద ఎవరూ లేరు. పెద్దమ్మాయి మంద్రస్థాయి చక్కగా ఉన్నది; అది కిందికి దిగి నిలబడితే మిగిలిన ఇద్దరూ ఆనుకోవడానికి ఒక గోడ దొరుకుతుంది.

అయితే ఒక ఇంటి గొంతులు కలిసినప్పుడు తప్పులు కూడా అంత బాగానూ కలిసిపోతాయి. మీరు చెన్నైలో పుట్టి పెరిగినవారు. ఆ రోజు "భావం" అనే మాటను ముగ్గురూ ఒక్కటిగా "బావం" అన్నారు. ఒక్కరే అని ఉంటే మిగతా ఇద్దరి చెవికీ తగిలేది. ముగ్గురూ అనడం వల్ల మీ ఇంట్లో అది తప్పుగా ఎవరికీ తోచదు. (మీ "ళ" మాత్రం హైదరాబాదు పిల్లలు అసూయపడేలా ఉన్నది, అది చెన్నై పెట్టిన భిక్ష.) అందువల్ల మీ పాటను విడుదల చేసే ముందు మీ ఇంటివారు కాని ఒక మనిషి, తెలుగు బాగా తెలిసినవారు, ఒక్కసారి కూర్చుని వినాలి. నేను కూడా ఆ పనికి తగను, నాదీ అదే ఇల్లు.

ఇంకొకటి చెబుతాను, ఇది కోరస్‌లో మొట్టికాయలు తిని నేర్చుకున్నది. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. గొంతులు కలవడమూ చెదరడమూ ఆ చివరి అచ్చు దగ్గరే తేలిపోతుంది. మీ పల్లవి "మనసు" అనే మాటతో ముగిసింది కదా, అక్కడ ఏమి జరిగిందో మీ రికార్డింగులో మళ్ళీ వినండి. పెద్దమ్మాయి "సు"ను తాళం దెబ్బ మీద తుంచేసింది, చిన్నమ్మాయి పెదవులు మూసేయడంతో అది "మనస్" అయింది, బాబు ఇంకో అర మాత్ర లాగి చివర కొంచెం పైకి ఎత్తాడు. పాటంతా ఒక్క గొంతులా సాగి, ఆ ఒక్క అక్షరం దగ్గర ముగ్గురు మనుషులుగా చెదిరిపోయారు. దీనికి మా కోరస్ లీడరు నేర్పిన చిట్కా ఒకటి ఉంది. ముగ్గురూ ఒకరి మొహం ఒకరికి కనిపించకుండా వీపు వీపు ఆనించి నిలబడి, హల్లులన్నీ తీసేసి అచ్చులతో మాత్రమే పాట పాడాలి. అంటే "మనసు" అనేది "అ అ ఉ" అవుతుంది. ఎవరు ఎక్కడ ఆపుతున్నారో వీపులకే తెలిసిపోతుంది. పొడుగు స్వరం దగ్గర మాత్రం ముగ్గురూ ఒకేసారి ఊపిరి తీసుకోకండి. ఎవరు ఏ అక్షరం తరువాత తీసుకోవాలో సాహిత్యం కాగితం మీద పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటే గాలి తెగిన చోటు వినేవారికి దొరకదు.

బాబు గొంతు విషయంలో తొందరపడకండి. పదహారేళ్ళవాడి గొంతు ఇంకా కుదురుకుంటూనే ఉంటుంది. మీ అక్కచెల్లెళ్ళిద్దరూ అయిదున్నర శ్రుతికి అలవాటుపడ్డారని వాడిని కూడా అంత ఎత్తుకు లాగి దొంగగొంతుతో, అంటే సహజమైన గొంతు అందని చోట సన్నగా మార్చుకున్న గొంతుతో, పాడించవద్దు. ప్రతి పాటకూ శ్రుతి కొత్తగా చూసుకోండి, ఆరు నెలలకొకసారి వాడి పాత్ర మార్చండి. గొంతు పట్టేసిన రోజున కషాయాలతో సరిపెట్టకుండా పాట మానిపించండి.

ఇక కలిసి పాడేవారి మధ్య పొరపొచ్చాలు ఎక్కడ పుడతాయో చెప్పాలి. చిన్నప్పుడు మీ నాయనమ్మ నన్ను వాణీ మహల్ కచేరీలకు తీసుకువెళ్ళేది. ఆ సభను నెలకొల్పినది మన చిత్తూరు నాగయ్యగారే. అక్కడ బాంబే సిస్టర్స్ వంటి అక్కచెల్లెళ్ళ జంటలు పాడుతుంటే నేను గమనించినది ఏమిటంటే, మన సంప్రదాయ సంగీతం వాటాలను తానే వేసి పెడుతుంది. ఒక రాగం ఒకరు ఆలాపన చేస్తే మరో రాగం మరొకరు చేస్తారు, స్వరకల్పన వంతులవారీగా సాగుతుంది, ఎవరి వంతు తగ్గినా సభలో కూర్చున్న మామీలకే తెలిసిపోతుంది. పాప్ పాటకు ఆ కట్టడి లేదు. అక్కడ అసలు గొంతు ఒకరిది, వెనక గొంతులు మిగతావారివి, వినేవారు గుర్తుపెట్టుకునేది మొదటి గొంతును. బీ జీస్ అన్నదమ్ముల్లో రాబిన్ 1969లో అలిగి బయటికి వెళ్ళిపోవడానికి కారణం ఇదే. రికార్డుకు ముందు వైపు అన్న బారీ పాడిన పాట వేసి, తను పాడినదాన్ని వెనక వైపు వేశారు. మరుసటి ఏడాది తిరిగి వచ్చాడు, ఆ తరువాత కొంతకాలం వారి పాటలకు ఆదరణ తగ్గి క్లబ్బుల్లో పాడుకోవలసి వచ్చింది, 1975లో మయామీలో రికార్డు చేస్తున్నప్పుడు బారీ పైస్థాయి దొంగగొంతు బయటపడి వారి దశ తిరిగింది. బారీ తన మేలైన గొంతును కనుగొనేసరికి ఆ ముగ్గురూ కలిసి పాడడం మొదలుపెట్టి దాదాపు ఇరవై ఏళ్ళు. మీకు మొదటి పాటకే లక్షల వీక్షణలు రాలేదని ఒకరి మీద ఒకరు విసుక్కునే రోజున ఈ సంగతి జ్ఞాపకం తెచ్చుకోండి.

ఎవర్లీ బ్రదర్స్ కథ అంతకంటే కష్టమైనది. డాన్ కింద, ఫిల్ పైన పాడుతుంటే ఎవరి గొంతు ఎవరిదో వేరు చేయలేనంతగా కలిసేవి. 1973 జూలై 14న కాలిఫోర్నియాలో ఒక వినోద ఉద్యానవనంలో జరిగిన కార్యక్రమం మధ్యలో ఫిల్ గిటారు నేలకేసి కొట్టి వేదిక దిగిపోయాడు. మళ్ళీ ఇద్దరూ కలిసి లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో పాడినది 1983లో, అంటే పదేళ్ళకు. ఆ పదేళ్ళూ ఇద్దరూ విడివిడిగా పాడుతూనే ఉన్నారు, కానీ జనం అడిగినది ఆ జంట గొంతునే. కాబట్టి ఏ పాటకు ఎవరు ముందు నిలబడాలన్నది వయసును బట్టో, అందాన్ని బట్టో, ఇంట్లో ఎవరు గట్టిగా అలుగుతారన్నదాన్ని బట్టో నిర్ణయించకండి. పాట శ్రుతి ఎవరి గొంతుకు హాయిగా కూర్చుంటే ఆ పాట వారిది. స్టూడియోకు వెళ్ళే ముందే ఇది తేల్చుకోండి, మైకు ముందు నిలబడ్డాక కాదు.

ఇప్పుడు మా కథ. 1986లో నేనూ, మీ చిన్నత్తా, మీ నాన్నా లైట్ మ్యూజిక్ ట్రూపు పెట్టాము. పేరు మీ తాతగారు పెట్టారు. పెరంబూరులో, విల్లివాక్కంలో, ఆవడిలో తెలుగువారి పెళ్ళి రిసెప్షన్లకూ వినాయక చవితి పందిళ్ళకూ పాడేవాళ్ళం. మాకు కీబోర్డు వాయించే ఆయనకే సొంత ఆంప్లిఫైయర్లూ స్పీకర్లూ ఉండేవి. బ్యానర్లు ఆయనే రాయించాడు, విజిటింగ్ కార్డుల మీద ఆయన చిరునామానే అచ్చువేయించాడు, అడ్వాన్సులకు రసీదులు ఆయన పేరుతోనే వెళ్ళేవి. మూడేళ్ళకు ఆయనకూ మాకూ చెడి మేము బయటికి వచ్చేస్తే, అదే పేరుతో వేరే ఇద్దరు అమ్మాయిలను నిలబెట్టి ఆయన కార్యక్రమాలు కొనసాగించాడు. జనానికి తెలిసినది ఆ కార్డు మీది పేరే. మీ తాతగారు పెట్టిన పేరు మాది అని నిరూపించడానికి మా దగ్గర చీటీ ముక్క కూడా లేదు.

ఎంత పెద్దవారికైనా ఇదే జరుగుతుందని చాలా ఏళ్ళ తరువాత తెలిసింది. జాక్సన్ 5 అన్నదమ్ములు మోటౌన్ అనే రికార్డు కంపెనీకి పాడిన మొదటి నాలుగు సింగిల్స్, అంటే విడిగా విడుదల చేసిన పాటలు, వరుసగా అమెరికాలో మొదటి స్థానానికి చేరాయి. 1975లో వారు ఆ కంపెనీని వదిలి వేరే కంపెనీకి వెళ్ళదలిస్తే, ఆ పేరు కంపెనీ దగ్గరే ఉండిపోయింది. బయటికి వచ్చినవారు "ది జాక్సన్స్" అని పేరు మార్చుకోవలసి వచ్చింది. అన్నదమ్ముల్లో జెర్మైన్ కంపెనీ యజమాని అల్లుడు కావడం వల్ల అక్కడే ఉండిపోయాడు, అతని స్థానంలోకి చిన్నవాడు రాండీ వచ్చాడు. పుట్టుకతో వచ్చిన ఇంటిపేరు మాత్రమే వారితో మిగిలింది. మీరు ఎంచుకున్న పేరును ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించండి. ట్రేడ్‌మార్కుల వర్గీకరణలో వినోద కార్యక్రమాలు 41వ తరగతి కిందికి వస్తాయి, వ్యక్తులు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే ఒక తరగతికి 4,500 రూపాయలు రుసుము, నమోదు పదేళ్ళు చెల్లుతుంది, తరువాత పొడిగించుకోవచ్చు. కార్యాలయం గిండీలోనే ఉన్నది. పట్టు చీర ఖరీదు కంటే తక్కువ ఇది. అలాగే, మీ యూట్యూబ్ చానల్ బాబు ఫోను నంబరుతో తెరిచారని విన్నాను. ఆ చానల్‌లో 1,000 మంది సబ్‌స్క్రైబర్లూ ఏడాదిలో 4,000 గంటల వీక్షణా పూర్తయి ప్రకటనల డబ్బు రావడం మొదలయ్యాక దాన్ని మార్చడం గురించి మాట్లాడితే అనుమానంలా వినిపిస్తుంది. ఇప్పుడు మాట్లాడితే సర్దుబాటులా ఉంటుంది. ముగ్గురికీ అధికారం ఉండేలా ఈ వారమే మార్చండి.

మా ముగ్గురి మధ్య చిచ్చు పెట్టినది మాత్రం ఆ కీబోర్డు ఆయన కాదు. ఆయన నుంచి విడిపోయాక 1989లో మేమే వాయిద్యాలవారిని పిలుచుకుని పెరంబూరులో ఒక రిసెప్షన్ చేశాము. పెళ్ళివారు 1,500 రూపాయల కవరు మీ నాన్న చేతిలో పెట్టారు, మగపిల్లవాడు కదా అని. రాత్రి పదకొండు దాటాక వ్యానులో కూర్చుని వాడు మీ చిన్నత్తకు 200 రూపాయలు ఇచ్చాడు. ఆమె ఆ నోట్లను చేతిలో పట్టుకుని చాలాసేపు చూసి, ఏమీ అనకుండా చీర కొంగులో ముడివేసుకుంది. ఆ ముడి నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. ఆ ఏడాది సంక్రాంతికి ఆమె పుట్టింటికి రాలేదు, మరో నాలుగేళ్ళు తమ్ముడితో మాట్లాడలేదు. మీ తాతగారు పోయినప్పుడు అలమరా సర్దుతుంటే మీ నాన్న నోటుపుస్తకం నా చేతికి దొరికింది. తబలా, గిటారు, వ్యాను, మైకు సెట్టు, రాత్రి భోజనాలు, అన్నీ రాసి ఉన్నాయి. నాకూ చిన్నత్తకూ చెరి 200. తనకు మిగిలినది 70 రూపాయలు. లెక్క పైసలతో సహా ఉన్నది, కానీ అక్కలకు లెక్క చూపించడమంటే వారు తనను నమ్మడం లేదని ఒప్పుకున్నట్టవుతుందని వాడు అనుకున్నాడు. అక్కేమో, అడిగితే తమ్ముడిని దొంగ అన్నట్టవుతుందని ఊరుకుంది. "ఇంట్లోవాళ్ళమే కదా" అన్న మాట మా ముగ్గురి నోట్లోనూ ఉండేది. పరాయివారితో అయితే మొదటి రోజే అడిగి ఉండేవాళ్ళం.

కాబట్టి ముగ్గురి పేర్లతో ఒక బ్యాంకు ఖాతా తెరిచి, ప్రతి కార్యక్రమం డబ్బూ అందులోకే రానివ్వండి. ఖర్చులు పోగా మిగిలినదాన్ని మూడు కాకుండా నాలుగు వాటాలు చేయండి. నాలుగో వాటా బృందానిది, అంటే స్టూడియో అద్దెకూ మైకులకూ దుస్తులకూ. నెలాఖరున లెక్క ముగ్గురూ కలిసి చూడాలి, అడిగినా అడగకపోయినా.

పాటల హక్కులు వేరే లెక్క, దీన్ని మరింత జాగ్రత్తగా రాసుకోవాలి. పాట రాసినవారికీ వరుస కట్టినవారికీ ఒక హక్కు, పాడినవారికి ఇంకొక హక్కు, రికార్డింగుకు డబ్బు పెట్టినవారికి మరొకటి. మన దేశంలో 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించాక, రచయితకూ స్వరకర్తకూ రావలసిన రాయల్టీ వాటాను కంపెనీకి రాసిచ్చేయడం కుదరదు, పాడినవారికి కూడా రాయల్టీ హక్కు వచ్చింది. చిన్నమ్మాయి సాహిత్యం రాస్తుంది, బాబు వరుసలు కడతాడు. రచయితలకూ స్వరకర్తలకూ రాయల్టీ వసూలు చేసిపెట్టే సంఘం ఐపీఆర్‌ఎస్‌లో వారిద్దరూ చేరే సంగతి కనుక్కోండి. పాట పూర్తయిన రోజే, స్టూడియో గుమ్మం దాటక ముందే, మాటలు ఎవరివి, వరుస ఎవరిది, ఎంతెంత అని ఒక కాగితం మీద రాసి ముగ్గురూ సంతకం చేయండి. పెద్దమ్మాయి రాయదు, కట్టదు, కానీ పాట ఎత్తుగడలను సరిచేసేది అదేనని నాకు తెలుసు. దానికి వాటా ఇస్తారా, ఇస్తే ఎంత అన్నది మీ ముగ్గురే తేల్చుకోవాలి. తేల్చుకోకుండా వదిలేయడం మాత్రం నాకు సమ్మతం కాదు.

బాబుకు ఇంకా పద్దెనిమిది నిండలేదు, కాబట్టి వాడి సంతకానికి చట్టం దృష్టిలో విలువ లేదు. ఏ కంపెనీవారైనా ఒప్పందం తెచ్చి హడావుడి చేస్తే లాయరుకు చూపించకుండా ఎవరూ సంతకం చేయకండి. మీ నాన్నను మేనేజరుగా పెట్టుకోవాలన్న ఆలోచన కూడా మానుకోండి. వాడు నొచ్చుకుంటాడని తెలిసే రాస్తున్నాను. బీచ్ బాయ్స్ అనే అమెరికా బృందంలోని విల్సన్ సోదరులకు తండ్రి మర్రీ విల్సనే మేనేజరు. 1964లో కొడుకులు ఆయనను ఆ పని నుంచి తప్పించారు, కానీ పాటల హక్కులు చూసే కంపెనీ ఆయన చేతిలోనే ఉండిపోయింది, 1969లో ఆయన దాన్ని 7 లక్షల డాలర్లకు అమ్మేశాడు. తండ్రిని ఉద్యోగం నుంచి తీసివేయవలసిన పరిస్థితి ఏ పిల్లలకూ రాకూడదు, అందుకు మొదటే ఆ ఉద్యోగం ఇవ్వకపోవడం మేలు.

పెద్దమ్మాయి ఉద్యోగం ఇప్పుడే మానవద్దు. మా కాలంలో క్యాసెట్లలో మోగిన నాజియా హసన్, జోహేబ్ హసన్ అక్కాతమ్ముళ్ళ సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1981లో వారి ఆల్బమ్‌ను తయారుచేసిన బిడ్డు మన పక్క ఊరు బెంగళూరులో పుట్టినవాడే. అంత పేరు వచ్చినా నాజియా చదువు మానలేదు, లండన్‌లో న్యాయశాస్త్రం చదివింది. ఏడాది పాటు శని, ఆదివారాలు పాటకు ఇచ్చి చూడండి. పెళ్ళి మాట కూడా ఇప్పుడే మాట్లాడుకోండి, సిగ్గుపడవలసినదేమీ లేదు. న్యూ ఆర్లీన్స్ నుంచి వచ్చిన బాస్వెల్ సిస్టర్స్ 1936లో పాట చాలించారు. పెళ్ళిళ్ళు చేసుకున్న అక్కచెల్లెళ్ళు సంసారాల్లోకి వెళ్ళిపోతే, వారిలో కోనీ బాస్వెల్ ఒక్కతే పాడుతూ మిగిలింది. మీలో ఒకరు ఎప్పుడైనా వెళ్ళిపోతే పేరు ఎవరికి చెందుతుంది, పాత పాటల డబ్బు వారికి వస్తూనే ఉంటుందా అన్న రెండు ప్రశ్నలకు జవాబు ఆ కాగితంలో ఉండాలి.

చివరగా చిన్నమ్మాయికి ప్రత్యేకంగా ఒక మాట. వీడియోలో లావుగా కనబడుతున్నానని రాత్రి భోజనం మానేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. కార్పెంటర్స్ అన్నాచెల్లెళ్ళలో కారెన్‌కు అందరికంటే మంచి గొంతు; డ్రమ్స్ వెనక కూర్చుని పాడడం ఆమెకు ఇష్టం, జనానికి కనిపించాలని ముందుకు తెచ్చి నిలబెట్టారు. తిండి మానే జబ్బు వల్ల గుండె దెబ్బతిని 1983లో ముప్పై రెండేళ్ళకే పోయింది. నువ్వు తిని పాడు. కెమెరాను ఎక్కడ పెట్టాలన్నది కెమెరావాడి తలనొప్పి.

వచ్చే ఆదివారం ఉదయం ముగ్గురూ మా ఇంటికి రండి, శ్రుతిపెట్టె సిద్ధంగా ఉంచుతాను. మొదట "మనసు" సంగతి చూద్దాం, తరువాత కాగితం రాద్దాం. మీ నాన్నను కూడా తీసుకురండి, ఆ నోటుపుస్తకం మరిచిపోవద్దని చెప్పండి. చిన్నత్త కూడా వస్తానన్నది. తమ్ముడితో మాటలు కలిసి ఇన్నేళ్ళయినా ఆమె ఇంతవరకూ దాన్ని చూడలేదు.

ఇట్లు,
మీ అత్తయ్య